ఎండీ గారి ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌గా వెళ్ళబోయే ముందు ఏమి నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి

మీరు అడిగినదాని సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. బీకాం చదివి హైదరాబాద్‌లోని ఒక తయారీ కంపెనీ అడ్మిన్ విభాగంలో మూడేళ్ళుగా పనిచేస్తున్నారు. మేనేజింగ్ డైరెక్టర్ గారి దగ్గర చాలాకాలంగా ఉన్న మేడమ్ రిటైర్ అవుతున్నందున వచ్చే నెల నుంచి ఆ సీటులోకి మిమ్మల్ని రమ్మన్నారు. ఏ కోర్సు చేయాలి, షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవాలా, ఇంగ్లీషు అంతంతమాత్రమే కాబట్టి నెగ్గుకురాగలనా, ఏఐ వచ్చాక ఈ ఉద్యోగం మిగులుతుందా అన్నవి మీ సందేహాలు. నేను 2002లో విజయవాడలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి హయ్యర్ పాసై, రిసెప్షన్ బల్ల దగ్గర మొదలుపెట్టి, ఆ తరువాత హైదరాబాద్‌లో వరుసగా ముగ్గురు ఎండీల దగ్గర పనిచేశాను. అందులో తెలిసినదే చెబుతాను.

కోర్సుల విషయం ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందులో చెప్పడానికి ఎక్కువ లేదు. పాలిటెక్నిక్‌లలో మూడేళ్ళ కమర్షియల్ అండ్ కంప్యూటర్ ప్రాక్టీస్ డిప్లొమా ఉంది, ఐటీఐలలో స్టెనోగ్రాఫర్ అండ్ సెక్రటేరియల్ అసిస్టెంట్ అనే ఏడాది ట్రేడ్ ఉంది. ఇవి పదో తరగతి తరువాత దారి వెతుక్కునే పిల్లలకు బాగా ఉపయోగపడతాయి గానీ, ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న మీరు వాటికోసం వెనక్కి వెళ్ళవలసిన పని లేదు. పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ కూడా అంతే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి స్టెనోగ్రాఫర్ ఉద్యోగాలకు ఇప్పటికీ గ్రేడ్ డీకి నిమిషానికి 80 పదాలు, గ్రేడ్ సీకి 100 పదాల డిక్టేషన్ పరీక్ష ఉంటుంది కాబట్టి ప్రభుత్వ కొలువు మీద మనసుంటే నేర్చుకోండి, లేకపోతే వద్దు. టైపింగ్ మాత్రం వదలకండి. హయ్యర్ స్థాయి, అంటే నిమిషానికి 45 పదాలు, కీబోర్డు వైపు చూడకుండా రావాలి. ఎదుటివారు మాట్లాడుతుండగా వారి ముఖం చూస్తూ రాసుకోగలగడం ఈ ఉద్యోగంలో ఎంత అవసరమో మొదటి సమావేశంలోనే తెలుస్తుంది. ఎక్సెల్‌లో ఫిల్టర్, పివట్ టేబుల్, ఔట్‌లుక్‌లో ఇంకొకరి క్యాలెండర్‌ను వారి తరఫున నడిపే పద్ధతి, ఈ మూడూ రెండు ఆదివారాల పని.

ఇక అసలు విషయం. ఈ ఉద్యోగాన్ని ఏ తరగతి గదీ నేర్పదు, మీరు ఎవరి దగ్గర పనిచేస్తారో వారు అడిగే ప్రశ్నలే నేర్పుతాయి. నా మొదటి ఎండీ గారు మితభాషి. ఏమి చేయాలో చెప్పేవారు కాదు, చేయకపోతే తిట్టేవారూ కాదు, అడిగేవారు అంతే. "రేపు వాళ్ళు ఎన్నింటికి వస్తున్నారు?", "ఆ కొటేషన్ ఏమైంది?", "ఈయన మనకు ముందు తెలుసా?" అడిగిన ప్రతిసారీ నేను పరుగెత్తి కనుక్కుని వచ్చి జవాబు చెప్పి, భలే చురుగ్గా చేశానని మురిసిపోయేదాన్ని. ఆరు నెలల తరువాత, ఎందుకు తోచిందో గుర్తులేదు గానీ, ఒక రెండు వందల పేజీల పుస్తకం కొని ఆయన నన్ను అడిగే ప్రతి ప్రశ్ననూ తేదీ వేసి రాయడం మొదలుపెట్టాను. నెల తిరిగాక చదువుకుంటే సిగ్గనిపించింది. ఆయన అడిగినవాటిలో చాలావరకు, అడగకముందే నేను చెప్పి ఉండవలసినవి. అవే నాలుగైదు రకాల ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అంటే ఆయన బుర్రలో మోస్తున్న బరువు ఏమిటో ఆ పుస్తకంలో ఉంది, దాన్ని దించవలసిన మనిషిని నేను, దించకుండా ఆయన చేతనే అడిగించుకుంటున్నాను.

మీరు చేరిన రోజునే అలాంటి పుస్తకం ఒకటి పెట్టండి. ఫోనులో కాదు, కాగితం మీద. ప్రశ్న ఉన్నదున్నట్టు ఆయన మాటల్లోనే రాయండి, పక్కన ఆ జవాబు ఎవరి దగ్గర దొరికిందో రాయండి. నెల తరువాత వాటిని రకాలుగా విడదీస్తే మీ కంపెనీకి, మీ ఎండీ గారికి సరిపోయే సిలబస్ మీ చేతిలో ఉంటుంది. నా పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది "ఏమైంది?" అన్న మాట. అందుకని సమావేశంలో ఎవరు ఏ పని ఒప్పుకున్నారో, ఏ తేదీకి ఒప్పుకున్నారో ఒక ఎక్సెల్ షీటులో పెట్టి, గడువుకు రెండు రోజుల ముందు ఆ మనిషికి నేనే ఫోను చేసేదాన్ని. "సార్ అడుగుతున్నారు" అని కాదు, ఎందుకంటే ఆయన ఇంకా అడగలేదు, అబద్ధమాడి భయపెడితే రెండోసారి ఎవరూ లెక్కచేయరు. "బుధవారం మీది ఉంది కదండీ, ఏమైనా అడ్డం వచ్చిందా?" అని. అడ్డం వచ్చిందని తెలిస్తే ఆ సంగతి బుధవారం ఉదయం కాక సోమవారమే ఎండీ గారికి చేరేది.

రెండో అలవాటు సాయంత్రం ఆరింటికి ఇచ్చే అరపేజీ కాగితం. రేపటి కార్యక్రమం క్యాలెండర్‌లో ఉంటుంది కదా, మళ్ళీ కాగితం ఎందుకు అనిపించవచ్చు. క్యాలెండర్‌లో "10:30, బ్యాంకు సమావేశం" అని మాత్రమే ఉంటుంది. నా కాగితంలో ఇలా ఉండేది: "10:30కి బ్యాంకువారు మన ఆఫీసుకే వస్తున్నారు, ముగ్గురు. వర్కింగ్ క్యాపిటల్ పరిమితి పెంపు గురించి మాట్లాడతారు. క్రిందటిసారి అడిగిన స్టాక్ స్టేట్‌మెంట్ నిన్న పంపాము, అందినట్టు జవాబు వచ్చింది. బ్రాంచి మేనేజరు గారు బదిలీ మీద కొత్తగా వచ్చారు, మీరు ఇదివరకు కలవలేదు. ఫైనాన్స్ హెడ్ గారు 10:15కి మీ గదికి వస్తారు." ఇందులో కొత్త సమాచారం ఏదీ లేదు, అంతా ఎక్కడో ఒకచోట ఉన్నదే. ఆయన అడగబోయే ఐదు ప్రశ్నలకు జవాబులు ఒక్కచోట చేరాయి, అంతే.

క్యాలెండర్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను బాగా దెబ్బతిన్నది అక్కడే. మనకు గడియారం ఏడాదంతా ఒకటే. అమెరికాలో 2007 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం మార్చి రెండో ఆదివారం నాడు గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం నాడు గంట వెనక్కు తిప్పుతారు. కాబట్టి న్యూయార్క్‌కూ మనకూ తేడా చలికాలంలో పదిన్నర గంటలు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు. 2009 మార్చిలో, మా కంపెనీకి చాలా ముఖ్యమైన ఒక విదేశీ కొనుగోలుదారుతో ప్రతి సోమవారం వారి సమయం ఉదయం ఎనిమిదిన్నరకు కాల్ ఉండేది, అంటే చలికాలమంతా మనకు రాత్రి ఏడు. నేను దాన్ని చేతితో "ఏడు గంటలు" అని రాసి పెట్టుకున్నాను. ఆ సోమవారం అది ఆరింటికే మొదలైంది. ఎండీ గారు అప్పుడు ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద, ఫోను గదిలో. అవతలివారు అరగంట వేచి చూసి లైను పెట్టేశారు.

ఆయన ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ తరువాతి సోమవారం ఉదయం "కాల్ ఎన్నింటికి?" అని అడిగారు, మధ్యాహ్నం మళ్ళీ అడిగారు, నాలుగింటికి డ్రైవరు చేత ఇంకోసారి అడిగించారు. అంతకుముందు ఏడాదిలో ఆయన ఆ ప్రశ్న నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడగడం మళ్ళీ మానడానికి ఆగస్టు వచ్చింది. నా మీద నమ్మకం ఎంత ఉందో ఆయన ప్రశ్నలను బట్టి తెలుస్తుందని నాకు అర్థమైనది ఆ ఐదు నెలల్లోనే.

అందువల్ల విదేశీ కాల్ ఏదైనా క్యాలెండర్‌లో వారి టైమ్ జోన్‌తోనే పెట్టండి, మన సమయానికి మార్చే పని కంప్యూటర్‌కు వదలండి, మార్చి, అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం మీ కళ్ళతో ఒకసారి చూసుకోండి. ఐరోపాలో గడియారం మారేది మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. అమెరికా మారి ఐరోపా ఇంకా మారని ఆ రెండు మూడు వారాల్లో లండన్, న్యూయార్క్, హైదరాబాద్ ముగ్గురూ ఉన్న కాల్ పెట్టవలసి వస్తే ఇతరులు చెప్పిన లెక్కను నమ్మకండి. మెయిల్‌లో తేదీ రాసినప్పుడల్లా వారం పేరు కూడా రాయండి. 18 అని రాయబోయి 19 అని రాసినా, పక్కన బుధవారం అని ఉంటే చదివేవారిలో ఎవరో ఒకరు ఇదేమిటని అడుగుతారు.

మన ఊరి క్యాలెండర్‌కు మరికొన్ని పొరలు ఉన్నాయి, అవి ఔట్‌లుక్‌లో వాటంతట అవి రావు. శుక్రవారం ఉదయం పదిన్నర నుంచి పన్నెండు వరకు రాహుకాలం, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది. నా ముగ్గురు ఎండీలలో ఒకరు ఇవేవీ పట్టించుకునేవారు కాదు, ఒకరు పట్టించుకోనని చెబుతూనే ఒప్పందాల మీద సంతకం మాత్రం ఆ వేళల్లో పెట్టేవారు కాదు, మూడో ఆవిడ పంచాంగం చూడనిదే ప్రయాణం కూడా పెట్టనిచ్చేవారు కాదు. మన నమ్మకం ఏదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, వారిది ఏదో తెలుసుకుని ఆ గంటన్నరను ముందే మూసి పెట్టండి. ఖైరతాబాద్ గణపతి నిమజ్జనం నాడు ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల సమావేశం పెట్టకూడదన్నది మీకు చెప్పనక్కరలేదు గానీ, ఆ తేదీని ముంబై ఆఫీసువారికి నెల ముందే మీరు చెప్పాలి. వాళ్ళకు నిమజ్జనం తెలుసు, మన రోడ్లు తెలియవు.

ప్రయాణాల్లో టికెట్లు, హోటళ్ళు ట్రావెల్ ఏజెంటు చూసుకుంటాడు. మీరు చూడవలసినది పేరు. తెలుగువారి పేర్లతో ఇంత చిక్కు ఉందని నాకు ఈ ఉద్యోగంలోకి వచ్చాకే తెలిసింది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ తరచుగా ఒక అక్షరంగా కుదించుకుపోయి ఉంటుంది. ఆఫీసులో అందరూ మూడు ఇనిషియల్సూ చివర రావు గారూ అని పిలిచే మనిషికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో పూర్తి ఇంటిపేరు, రెండో గడిలో విడివిడిగా నాలుగు పదాలు ఉంటాయి. పాన్ కార్డులో అవే పదాలు కలిసిపోయి ఒకటవుతాయి. విజిటింగ్ కార్డు చూసి టికెట్ కొన్నారంటే కౌంటర్ దగ్గర ఆగిపోయినట్టే. కొందరి పాస్‌పోర్టులో ఒక గడి అసలు ఖాళీగానే ఉంటుంది. వారికి అమెరికా వీసాలో పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది, టికెట్ కూడా దానికి సరిపోవాలి. 2022 నవంబరు నుంచి యూఏఈవారు పాస్‌పోర్టులో ఒక్క పేరు మాత్రమే ఉన్నవారిని విజిట్ వీసా మీద అనుమతించమన్నారు. రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబ పేరో ఉంటే ఫరవాలేదని తరువాత వివరణ ఇచ్చారు. ఇలాంటివి మారుతూ ఉంటాయి కాబట్టి ప్రతి ప్రయాణానికీ విమాన సంస్థ దగ్గరే తాజాగా కనుక్కోండి.

ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాలకు వెళ్ళాలంటే తిరుగు ప్రయాణం నాటి నుంచి కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండాలి, అది గత పదేళ్ళలోపు జారీ అయినది అయి ఉండాలి, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వేయవచ్చు, పదిహేను రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. చాలా ఇతర దేశాలు ఆరు నెలల చెల్లుబాటు అడుగుతాయి. పాస్‌పోర్టు ఒక తేదీ దాకా ఉంది కదా అని నిశ్చింతగా ఉండకుండా, ఆ తేదీకి తొమ్మిది నెలల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఎండీ గారిదే కాదు, ఆయనతో తరచు ప్రయాణించే ఇద్దరు ముగ్గురిది కూడా.

ఇప్పుడు ఫోనూ గుమ్మమూ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన గురించే జనం అనుకుంటారు, ఎదురుగా అనరు గానీ అనుకుంటారు. జయవిజయులు గుమ్మం దగ్గర మంచి శ్రద్ధగానే కాపలా కాశారు, కానీ ఆపకూడనివారిని ఆపి శాపం తెచ్చుకున్నారు. ఎవరిని ఎప్పుడైనా లోపలికి పంపవచ్చో, ఎవరికి వారంలోగా సమయం ఇవ్వాలో, ఎవరిని సంబంధిత విభాగానికి మళ్ళించాలో మొదటి వారంలోనే ఎండీ గారితో కూర్చుని పేర్లతో సహా రాసుకోండి. ఊహించుకోకండి. ఫ్యాక్టరీ యూనియన్ నాయకుడు ఫోను చేస్తే వెంటనే కలపమంటారో, హెచ్‌ఆర్ హెడ్ ద్వారా రమ్మంటారో ఆయనే చెప్పాలి.

ఫోనులో మాట్లాడే ఒక్క వాక్యంలో ఎంత తేడా ఉంటుందో చూడండి. "సార్ ఉన్నారా?" అని అడిగితే "సార్ బ్యాంకువాళ్ళతో ఉన్నారండీ" అనడం మర్యాదగానే వినిపిస్తుంది. కానీ అడిగినది మీకు సరుకు అమ్మే సప్లయరు అయితే, మీ కంపెనీ అప్పు కోసం చూస్తోందన్న కబురు సాయంత్రానికి బాలానగర్ పారిశ్రామికవాడ అంతా తిరుగుతుంది. "సార్ సమావేశంలో ఉన్నారండీ, నాలుగు తరువాత ఖాళీ అవుతారు, ఏ విషయమై అని చెప్పమంటారు?" అంటే చాలు. ఎక్కడ ఉన్నారు, ఎవరితో ఉన్నారు, ఏ ఊరు వెళ్ళారు అన్నవి మీరు చెప్పవలసినవి కావు. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పే అలవాటు రిసెప్షన్‌లో మంచిది, ఈ సీటులో కాదు. నాకు ఈ అలవాటు మానడానికి చాలా కాలం పట్టింది, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

మీ కంపెనీ స్టాక్ ఎక్స్చేంజిలో లిస్టయి ఉంటే గోప్యత మర్యాద విషయమే కాదు, చట్టం కూడా. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం, షేరు ధర మీద ప్రభావం చూపగల, ఇంకా బయటికి రాని సమాచారం అందుబాటులో ఉండే సహాయక సిబ్బంది కూడా నిర్దేశిత వ్యక్తుల జాబితాలోకి వస్తారు, అంటే మీరు కూడా. త్రైమాసికం ముగిసిన నాటి నుంచి ఫలితాలు ప్రకటించిన తరువాత 48 గంటలు గడిచేవరకు మీరు కంపెనీ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. మీ భర్తకు డీమ్యాట్ ఖాతా ఉంటే ఆయనకూ ఇది వర్తిస్తుంది. భోజనాల దగ్గర "ఈసారి లాభాలు బాగున్నాయట" అని మీరు అనడమే తప్పు, ఆయన కొంటే ఆ తప్పు రెండింతలు. చేరగానే కంపెనీ సెక్రటరీ గారి దగ్గరకు వెళ్ళి కంపెనీ ప్రవర్తనా నియమావళి ప్రతి తీసుకుని చదవండి.

కంపెనీ సెక్రటరీ అన్నాను కాబట్టి ఒక పొరపాటు కూడా సవరిస్తాను. పేరులో సెక్రటరీ ఉన్నంత మాత్రాన ఆ పని మనది కాదు, అది ప్రత్యేకమైన అర్హత ఉన్న వృత్తి. బోర్డు సమావేశానికి కనీసం ఏడు రోజుల ముందు నోటీసు పంపడం, ఏడాదికి కనీసం నాలుగు సమావేశాలు, రెండింటి మధ్య 120 రోజులు దాటకుండా చూడడం, ముసాయిదా మినిట్స్‌ను 15 రోజుల్లోగా డైరెక్టర్లకు పంపడం వారి బాధ్యత. ఈ తేదీలు మీకు తెలిసి ఉంటే చాలు, ఆ వారంలో ఎండీ గారికి ప్రయాణం పెట్టరు.

మీరు రాయవలసినవి వారపు రివ్యూ సమావేశాల నోట్స్. ఇక్కడ మీ ఇంగ్లీషు భయం గురించి కూడా చెప్పవచ్చు. నేను చూసిన చెడ్డ నోట్స్‌లో చాలావాటికి ఇంగ్లీషు బాగానే ఉండేది. "కొత్త యంత్రం గురించి చర్చ జరిగింది, త్వరగా చూడవలసిందిగా ఎండీ గారు సూచించారు" అన్న వాక్యం ఏ భాషలో రాసినా పనికిరానిదే. "రెండో ప్యాకింగ్ యంత్రానికి మూడు కొటేషన్లు పర్చేజ్ మేనేజర్ గారు 18వ తేదీ బుధవారంలోగా ఇవ్వాలి, పాత యంత్రాన్ని అమ్మాలా ఉంచాలా అన్నది అవి చూశాక ఎండీ గారు నిర్ణయిస్తారు" అని రాయగలిగితే, దాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి పదో తరగతి ఇంగ్లీషు చాలు. ఎవరు, ఏమిటి, ఎప్పటిలోగా అన్న మూడూ లేని వాక్యాన్ని కొట్టేయండి. మెయిళ్ళలో "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్", "కైండ్లీ రివర్ట్" అనే పాత ముక్కలు తీసేసి, ఏమి కావాలో, ఎప్పటికి కావాలో మొదటి రెండు వరుసల్లో రాయండి. మీ ఎండీ గారు పంపిన పాత మెయిళ్ళు యాభై తీసుకుని చదవండి. ఆయన ఎలా మొదలుపెడతారు, కాదనవలసి వచ్చినప్పుడు ఏ మాట వాడతారు, ఎవరికి పేరు రాస్తారు, ఎవరికి గారు చేరుస్తారు అన్నది చూడండి. ఆయన తరఫున మీరు రాయబోయే భాష అదే, ఏ స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ అది దొరకదు.

తెలుగు మీకు అదనపు బలం, దాన్ని తక్కువ అంచనా వేయకండి. కలెక్టరు కార్యాలయానికి, పంచాయతీకి, దేవస్థానానికి, ఫ్యాక్టరీ నోటీసు బోర్డుకు తెలుగు లేఖలు అవసరమవుతాయి. వాటిని తప్పుల్లేకుండా టైపు చేసేవారు ఆఫీసులో ఒకరిద్దరు కూడా ఉండరు. డీటీపీ షాపులో అను ఫాంట్లలో చేయించిన పాత లేఖను తెరిస్తే మీ కంప్యూటర్‌లో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి, ఎందుకంటే అది అన్ని కంప్యూటర్లలోనూ చదవగలిగే యూనికోడ్ కాదు, ఆ ఫాంటు ఉంటేనే అక్షరాలు కనబడతాయి. యూనికోడ్‌లో, భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి, రోజుకు అరగంట చొప్పున రెండు నెలల్లో చేయి తిరుగుతుంది.

ఇటీవల మన వృత్తిలోకి కొత్తగా వచ్చిన ప్రమాదం ఒకటి ఉంది. తెలియని నంబరు నుంచి వాట్సాప్ వస్తుంది, డీపీలో ఎండీ గారి ఫొటో ఉంటుంది, "మీటింగ్‌లో ఉన్నాను, ఫోను చేయవద్దు, ఈ ఖాతాకు వెంటనే డబ్బు పంపించండి, వివరాలు తరువాత చెబుతాను" అని ఉంటుంది. వాళ్ళు వెతుక్కునేది సరిగ్గా మనలాంటి, అడిగిన పని వెంటనే చేసే మనుషులనే. చేరిన వారంలోనే ఎండీ గారితోనూ ఫైనాన్స్ హెడ్ గారితోనూ ఒక మాట అనుకోండి: డబ్బు, బ్యాంకు ఖాతా మార్పు, ఓటీపీ, ఈ మూడింటిలో ఏది వచ్చినా మీరు ఆయన పాత నంబరుకు ఫోను చేసి గొంతు విని గానీ కదలరని, సమావేశం మధ్యలో అయినా సరే ఆయన ఎత్తుతారని. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 కు ఫోను చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఏఐ గురించి అడిగారు. సమావేశం మాటలన్నీ అక్షరాల్లోకి మార్చే సౌకర్యం నేను రోజూ వాడుతున్నాను, రెండు గంటల పని ఇరవై నిమిషాలకు తగ్గింది. అయితే మన సమావేశాలు సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో కాస్త హిందీ, దాంతో అది తరచు తడబడుతుంది. "చూద్దాంలే" అని ఎండీ గారు అన్నప్పుడు అది సరే అనా, కుదరదనా అన్నది దానికి తెలియదు. మీకు ఆరు నెలల్లో తెలుస్తుంది. మొదటి ముసాయిదా దానిచేత రాయించుకోండి, కానీ జీతాల పట్టిక, ఒప్పందం, ప్రకటించని ఫలితాలు కంపెనీ అనుమతించని బయటి సైట్లలో ఎన్నడూ పెట్టకండి. టైపు చేయడం, టికెట్లు కొనడం మాత్రమే ఈ ఉద్యోగం అనుకునేవారికి కష్టకాలమే.

సొంత పనుల గురించి మీరు అడగలేదు గానీ వస్తాయి. పిల్లల స్కూలు ఫీజు, ఇంటి బీమా, తిరుమల దర్శనం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలై చూస్తుండగానే అయిపోతాయి కాబట్టి, ఎండీ గారి అత్తగారు ఎప్పుడు వెళ్ళాలనుకుంటున్నారో మీకు ముందే తెలియడం మంచిది. నేను ఇవి నామోషీ అనుకోలేదు, అలాగని ఆయన కుటుంబంలో ప్రతి ఒక్కరి పనీ నెత్తిన వేసుకోలేదు. ఏవి చేయగలనో మొదటి నెలలోనే మర్యాదగా చెప్పేశాను, ఆయన తన తమ్ముడి గారి పనులు నాకు చెప్పడం మానుకున్నారు. ఇందులో మీ హద్దు నాదిలాగే ఉండాలని లేదు.

ఆఖరుగా, రిటైర్ అవుతున్న మేడమ్ గారి దగ్గర మీకు ఇంకా మూడు వారాలు ఉన్నాయి. ఫైళ్ళు ఎక్కడున్నాయి, పాస్‌వర్డులు ఏమిటి అన్నవి హ్యాండోవర్ నోటులో ఎలాగూ ఇస్తారు. వాటితో ఆపకుండా, ఒక మధ్యాహ్నం ఆవిడతో కలిసి భోజనం చేసి ఇవి అడగండి: సార్‌కు కోపం వచ్చిందని మీకు ముందుగా ఎలా తెలుస్తుంది, ఏ వార్తను ఉదయం చెప్పకూడదు, ఆయన మిమ్మల్ని ఇప్పటికీ అడిగే ప్రశ్న ఏదైనా ఉందా. నేను మూడో ఆఫీసులో చేరినప్పుడు చివరి ప్రశ్నకు అక్కడి పెద్దావిడ కాసేపు ఆలోచించి, "డ్రైవరు తిన్నాడా అని అడుగుతారమ్మా, రోజూ" అన్నారు. మర్నాటి నుంచి ఒంటిగంటకు డ్రైవరుకు నేనే ఫోను చేసి కనుక్కునేదాన్ని.